మిద్దె మీది మిషను, గోడ మీది సెన్సర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు. ఐదో అంతస్తు, దాని పైన మిద్దె. మిద్దె మీద 10 టన్నుల ప్యాకేజ్ ఏసీ ఉంది, అందులోనే 10 కిలోవాట్ల హీటర్. అడ్మిన్ పని నాది కాబట్టి డిసెంబరు వస్తే నాకు టెన్షన్ మొదలు. పొద్దున తొమ్మిదిన్నరకు కిటికీల దగ్గరవాళ్ళు స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటారు. పదిన్నరకు గానీ హీటర్ రాదు. పదకొండయ్యేసరికి మళ్ళీ చల్లగాలి కొడుతుంది. థర్మోస్టాట్ ప్యాంట్రీ పక్క గోడకు, కాఫీ మిషన్ బల్లకు పైన ఉంది. హీటింగ్ 22, కూలింగ్ 23 పెట్టాం. హీటర్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందంటే, పోయిన నెల వచ్చిన మెకానిక్ ఎయిర్‌ఫ్లో స్విచ్‌కు వైరు లింకు వేసి వెళ్ళాడు. ఇప్పుడు కంట్రోలర్ బోర్డు మార్చాలంటున్నారు. మార్చమంటారా? — ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, బోర్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు హీటర్ ఎంసీబీ (దాని కరెంటు ఆపే స్విచ్) దించేయండి. ఆ వైరు లింకు తీసేదాకా దాన్ని మళ్ళీ ఎత్తొద్దు. ఇది చదివిన రోజే ఈ పని చేయించండి.

ఎయిర్‌ఫ్లో స్విచ్ పని ఒక్కటే. ఫ్యాన్ నిజంగా గాలి తోస్తోందా లేదా అని చూసి, గాలి ఉంటేనే హీటర్‌కు కరెంటు వెళ్ళనిస్తుంది. లింకు వేస్తే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే, ఫ్యాన్ బెల్టు తెగినా, ఫిల్టర్ మూసుకుపోయినా హీటర్ కాలుతూనే ఉంటుంది. గాలి లేని హీటర్ చుట్ట ఎర్రగా అవుతుంది. దాని మీద ఏడాది పొడుగునా పేరుకున్న దుమ్ము ఉంటుంది, పక్కనే డక్ట్ (గాలి వెళ్ళే గొట్టం) ఇన్సులేషన్. మరీ వేడెక్కితే హీటర్‌ను ఆపే హై లిమిట్ థర్మోస్టాట్ ఇంకొకటి ఉంటుంది నిజమే, కానీ అది ఆఖరి కాపలా. దాని ముందున్న కాపలాను ఇంటికి పంపేసి దానిమీదే భారం వేయకూడదు. హీటర్ ఆగాక కూడా ఫ్యాన్ ఒకటి రెండు నిమిషాలు తిరగాలి. మీ మిషన్‌లో తిరుగుతోందో లేదో అప్పుడే చూడమనండి.

హీటర్ ట్రిప్ అయిందంటే ఆ స్విచ్ తన పని తాను చేసిందనే అర్థం. గాలి ఎందుకు తగ్గిందో వెతకాల్సింది పోయి దాని నోరు మూశారు. గాలి ఎంత వస్తోందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 10 టన్నుల మిషన్ సుమారు 4,000 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 4,000 ఘనపుటడుగుల గాలి ఇవ్వాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడి గాలి పదో వంతు పలచన. ఆ లెక్కన 10 కిలోవాట్ల హీటర్ పూర్తిగా నడిస్తే గాలి సుమారు 5 డిగ్రీలు వేడెక్కాలి. కంప్రెసర్ ఆపించి, రిటర్న్ గాలి (గదిలోంచి మిషన్‌కు వచ్చేది) ఎంత, సప్లై గాలి (మిషన్‌లోంచి గదికి పోయేది) ఎంత అని థర్మామీటరుతో చూడమనండి. తేడా 5 దగ్గరుంటే మంచిదే. 9, 10 ఉంటే గాలి సగానికి పడిపోయినట్టు. ఫిల్టర్, బెల్టు, మూసుకున్న డ్యాంపర్లు (డక్ట్‌లో గాలిని ఆపే రెక్కలు), ఈ వరసలో వెతకమనండి. లింకు తీశాకే, మెకానిక్ పక్కనే నిలబడి ఉండగానే ఈ పరీక్ష.

ఇప్పుడు కాఫీ మిషన్. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ వాక్యమే. తొమ్మిదిన్నరకు అందరూ వచ్చి కాఫీ పట్టుకుంటారు. మిషన్ ఆవిరి, జనం వేడి నేరుగా థర్మోస్టాట్‌కు తగులుతాయి. కిటికీ దగ్గర 19 ఉన్నా అది 23 అనుకుంటుంది, అందుకే హీటర్ రాదు. పదిన్నరకు ప్యాంట్రీ ఖాళీ అయి గోడ చల్లబడుతుంది, అప్పటికి గానీ హీటర్ రాదు. పదకొండుకు ఎండ, కంప్యూటర్లు, రెండో కాఫీ అన్నీ ఒకేసారి కలుస్తాయి, కూలింగ్ మొదలు. మీరు రాసిన టైములన్నీ దీనికి అతుకుతున్నాయి. నమ్మకం కుదరకపోతే రెండు మామూలు థర్మామీటర్లు కొనండి. ఒకటి థర్మోస్టాట్ పక్కన, ఇంకొకటి కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టి రెండు రోజులు అరగంటకోసారి రాయండి. ఆ కాగితం చూపిస్తే ఎవరూ వాదించలేరు.

థర్మోస్టాట్‌ను లోపలి గోడకు, నేల నుంచి ఐదు అడుగుల ఎత్తులో పెట్టాలి. ఎండ పడకూడదు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, ప్రింటర్లు పక్కన ఉండకూడదు. ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. పదిహేనేళ్ళ కిందట పీణ్యలో ఒక ట్రైనింగ్ హాలులో ఇలాంటి ఫిర్యాదే వస్తే రెండుసార్లు బోర్డు మార్చాను. రెండూ మంచి బోర్డులే. మూడోసారి వెళ్ళినప్పుడు థర్మోస్టాట్ ఊడదీసి, దాని వెనక వైరు వచ్చే పైపు దగ్గర అరచెయ్యి పెట్టాను. ఫాల్స్ సీలింగ్‌లోంచి చల్లగాలి దిగుతోంది. ఇన్నాళ్ళూ సెన్సర్ చూసింది ఆ గాలినే గానీ హాలును కాదు. పుట్టీతో పైపు మూతి మూసేశాను, అంతే. ఆ రెండు బోర్డుల డబ్బు ఆ పార్టీకి నేను తిరిగి ఇప్పించలేకపోయాను. అప్పటినుంచి ఎవరు బోర్డు అన్నా ముందు గోడ దగ్గరికే పోతాను.

22, 23 అని పెట్టారే, ఆ ఒక్క డిగ్రీ సందు చాలదు. సెన్సర్‌కే అర డిగ్రీ అటూ ఇటూ తేడా ఉంటుంది. ఇంత దగ్గరగా పెడితే మిషన్ వేడికీ చలికీ మధ్య ఊగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు రెండు వైపులా పెరుగుతుంది. మన దేశపు ఎనర్జీ కన్సర్వేషన్ బిల్డింగ్ కోడ్, 2017 నాటిది, హీటింగ్‌కూ కూలింగ్‌కూ మధ్య 3 డిగ్రీల సందు పెట్టగలిగే కంట్రోల్ ఉండాలంటుంది. హీటింగ్ 21, కూలింగ్ 24 పెట్టండి. బయట 18 దాటితే హీటర్ రాకుండా లాకౌట్ కూడా పెట్టమనండి. అయితే బయటి సెన్సర్ మిద్దె మీద ఎండలో ఉంటే ఆ లాకౌట్ పొద్దున్నే తప్పుగా పడుతుంది. ఉత్తరం వైపు నీడలోకి మార్పించండి.

ఇదంతా అయ్యాక ఒక పొద్దున, ఎండ ఎక్కకముందు, హీటింగ్ కూలింగ్ రెండూ ఆపించి, బయటి గాలి డ్యాంపర్ మూయించి, ఫ్యాన్ ఒక్కటే 20 నిమిషాలు తిప్పించండి. రిటర్న్, సప్లై సెన్సర్లు దాదాపు ఒకే అంకె చూపాలి. ఫ్యాన్ మోటార్ వేడికి సప్లై కొంచెం ఎక్కువ ఉండొచ్చు. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే ఒక సెన్సర్ తప్పు చెబుతోంది. ఈ పరీక్షలో అంతా సరిపోయి, ఆ తర్వాత కూడా మిషన్ పిచ్చిగా ప్రవర్తిస్తే అప్పుడు బోర్డు మార్చండి.

ప్రశ్న: నేను బొమ్మసంద్రలో ఏసీ టెక్నీషియన్‌ను. ఎస్.పి. రోడ్డులో 10కె సెన్సర్ కొని హీట్ పంప్ యూనిట్ సప్లై డక్ట్‌లో వేశాను. బల్ల మీద పెట్టినప్పుడు 25 సరిగ్గా చూపింది. డక్ట్‌లో గాలి 40 ఉంటే 41 పైన చూపుతోంది, 12 ఉంటే 11 అంటోంది. సెన్సర్ పోయిందా?

జవాబు: పోలేదు నాయనా. 10కె థర్మిస్టర్లలో, అంటే వేడిని బట్టి ఓమ్‌లు మారే సెన్సర్లలో, టైప్ 2, టైప్ 3 అని రెండు రకాలు బాగా దొరుకుతాయి. 25 డిగ్రీల దగ్గర రెండూ 10,000 ఓమ్‌లే, అందుకే బల్ల మీద తేడా కనిపించలేదు. అక్కడినుంచి పైకైనా కిందికైనా దూరం పోయేకొద్దీ విడిపోతాయి. నువ్వు రాసిన అంకెలను బట్టి సెన్సర్ టైప్ 2, కంట్రోలర్ సెట్టింగ్ టైప్ 3. గ్లాసు నిండా పొడి చేసిన ఐసు, కొంచెం నీళ్ళు పోసి, సెన్సర్‌కు సన్నటి ప్లాస్టిక్ కవర్ తొడిగి పది నిమిషాలు ముంచు. మల్టీమీటర్ 32,650 దగ్గర చూపితే టైప్ 2, 29,490 దగ్గర చూపితే టైప్ 3. సెట్టింగ్ మార్చేస్తే సరిపోతుంది. ఆఫ్‌సెట్ పెట్టి, అంటే అంకెకు కొంత కలిపో తీసో, సర్దొద్దు. ఒక చివర సరిచేస్తే ఇంకో చివర ఇంకా చెడుతుంది.

సెన్సర్ పెట్టేటప్పుడు హీటర్ చుట్టలు దానికి నేరుగా కనపడకుండా చూడు. గాలి చల్లగా ఉన్నా ఆ చుట్టల వేడి వెలుగులాగా వచ్చి సెన్సర్‌కు తగులుతుంది.

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూరులో చిన్న టెస్టింగ్ ల్యాబ్. 22 డిగ్రీలు, 50 శాతం తేమ ఉండాలి. మిద్దె మీది యూనిట్‌లో హీటర్ పెట్టారు. చెన్నైలో హీటర్ ఏమిటని మా పార్ట్‌నర్ గొడవ. తీసేయించమంటారా?

జవాబు: తీయించకండి. అది చలికి పెట్టింది కాదు, తేమకు పెట్టింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మీకు తెలియనివి కావు. వాన రాత్రి బయట 25 డిగ్రీలే ఉన్నా గాలి నిండా నీళ్ళు. గదిలో లైట్లు లేవు, జనం లేరు, కాబట్టి 22 వెంటనే వచ్చేస్తుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం పెరుగుతూ పోతుంది. అందుకే గాలిని బాగా చల్లబరిచి నీళ్ళు పిండేసి, హీటర్‌తో మళ్ళీ కొంచెం వేడిచేసి లోపలికి పంపుతారు. తేమ హద్దు దాటినప్పుడు మాత్రమే ఈ పని జరగాలి. పొడి రోజుల్లో కూడా హీటర్, కంప్రెసర్ కలిసి నడుస్తుంటే మీ పార్ట్‌నర్ కోపం న్యాయమే, అప్పుడు తేమ సెన్సర్‌ను అనుమానించాలి. కొత్త యూనిట్ కొనే రోజు వస్తే కంప్రెసర్ వేడి గ్యాసుతోనే గాలిని వేడిచేసే రకం అడగండి, హీటర్ కరెంటు మిగులుతుంది.

తేమ సెన్సర్‌ను వంటింటి ఉప్పుతో పరీక్షించొచ్చు. చిన్న గిన్నెలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతే నీళ్ళు కలపండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో ఆ గిన్నె, సెన్సర్ రెండూ పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉప్పు సెన్సర్‌కు తగలకూడదు. పొద్దున్నకు లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ సెన్సర్ 65 అనో, 85 అనో చూపిస్తే దాన్ని మార్చండి. ఏటా సెప్టెంబరులో, వానలకు ముందే, ఒకసారి ఇలా చూసుకోండి.