దుబాయ్ టికెట్ కంటే ముందు కోర్టు పర్మిషన్

ప్రశ్న: మాది హన్మకొండ. మా విడాకుల కేసు వరంగల్ ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. ఎనిమిదేళ్ల బాబు నా దగ్గరే ఉండాలని, రెండో, నాలుగో ఆదివారాలు తండ్రికి చూపించాలని మధ్యంతర ఉత్తర్వు ఉంది. ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు దుబాయ్‌లో మా అన్నయ్య దగ్గరికి తీసుకెళ్దామంటే, ‘దేశం దాటిస్తే కిడ్నాప్ కేసు పెడతా’ అంటున్నాడు. బాబుకు పాస్‌పోర్టు లేదు. సంతకం అడిగినా పెట్టడు. ఏం చేయాలి?

జవాబు: కిడ్నాప్ మాటకు టెన్షన్ పడకండమ్మా. మీరు కన్నతల్లి, పైగా కోర్టే బాబును మీ దగ్గర ఉంచింది. ఆ కేసు అంత తేలిగ్గా నిలవదు. అలాగని చెప్పకుండా విమానం ఎక్కితే మాత్రం చిక్కే. మధ్యలో తండ్రి ఆదివారం ఒక్కటి పోయినా ఉత్తర్వు ఉల్లంఘించినట్టే. రేపు కస్టడీ వాదనల్లో అవతలి వకీలు మొదట తీసేది అదే.

నిజానికి ఆయన భయంలో కొంత అర్థముంది. విదేశాలకు తీసుకెళ్లిన పిల్లలను వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. బాబు అక్కడే ఉండిపోతే తండ్రి కాళ్లరిగేలా తిరగాలి. అందుకే జడ్జిగారు మీ హక్కు కంటే ముందు, బాబు తిరిగొస్తాడా అనేదే చూస్తారు. నా క్లయింట్ ఒకామె పోయే టికెట్ ఒక్కటే జతచేసింది. జడ్జిగారు కాగితం తిప్పి చూసి ‘వచ్చే టికెట్ ఏదమ్మా?’ అన్నారు. మాకు వాయిదా పడింది.

కాబట్టి ముందు ఆయనకు తేదీలు, అన్నయ్య అడ్రస్ వాట్సాప్‌లో పంపండి. ఒప్పుకోకపోయినా ఆ మెసేజ్ పనికొస్తుంది. తర్వాత ఇదే కేసులో మీ వకీలుతో ఒక ఐఏ (నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర పిటిషన్) వేయించండి. ప్రయాణానికి, పాస్‌పోర్టుకు రెండింటికీ అందులోనే అనుమతి అడగండి. రానూపోనూ టికెట్ల వివరాలు, బాబు స్కూలు బోనఫైడ్ పెట్టండి. మీకు ఉద్యోగముంటే లీవ్ లెటర్ కూడా. అన్నిటికంటే ముఖ్యం, పోయే ఆదివారాలకు బదులు వచ్చాక ఏ రోజులు ఇస్తారో, అక్కడి నుంచి వీడియో కాల్ ఎప్పుడు చేయిస్తారో మీరే రాసివ్వండి. కోర్టు కొంత డబ్బు డిపాజిట్ చేయమన్నా ఆశ్చర్యపోకండి.

పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరూ అనెక్చర్ డి అనే డిక్లరేషన్ ఫారం మీద సంతకం పెట్టాలి. ఒకరు పెట్టకపోతే, రెండోవారు ఒక్కరే ఇచ్చే అనెక్చర్ సి ఉంది. అందులో కేసు సంగతి దాచకుండా రాసి, కోర్టు ఉత్తర్వు జతచేయండి. ‘ఆయన సంతకం మేమే పెట్టేస్తాం’ అనే చుట్టాలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ల మాట వినకండి. తప్పుడు వివరాలిస్తే 1967 పాస్‌పోర్టు చట్టం కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇంకోటి. మేలో కోర్టుకూ సెలవులే. నోటీసు, కౌంటర్ (ఆయన ఇచ్చే రాతపూర్వక జవాబు), వాదనలు అయ్యేసరికి వారాలు పడుతుంది. పిటిషన్ మార్చి మొదట్లోనే పడాలి. ఆర్డర్ కాపీ చేతికొచ్చాకే టికెట్‌కు డబ్బు కట్టండి. అప్పటిదాకా ట్రావెల్స్ వాళ్ల దగ్గర తేదీలతో కొటేషన్ తీసుకుని కోర్టుకు చూపిస్తే చాలు.