కాటాకి వేసే ముందు అంచు కింద చెయ్యి పెట్టి చూడండి

"సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద నానమ్మ కాలం నాటి ఇత్తడి, కంచు సామాను దొరికింది. ఇంట్లో ఎవరూ వాడటం లేదు. ఉంచుకోవాలా, అమ్మేయాలా?" అని అడిగారు. అమ్మకండి. కనీసం ఈ పండగకి అమ్మకండి. ఎందుకో చెప్పాలంటే 2023 జనవరిలో మా అత్తవారింట్లో జరిగినది చెప్పాలి.

మేం ఉండేది విజయనగరంలో. అత్తవారి ఊరు రాజాం దగ్గర. 2022లో జిల్లాలు మార్చే దాకా అది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మా జిల్లాలో కలిసింది. ఏటా నెలగంట పెట్టాక నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడికి వెళ్లి ఇల్లు దులిపేది నేనే. పెంకుటింట్లో ఆ పని ఎంత ఉంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ముందు బూజు, తర్వాత గోడలకి సున్నం, ఆ సున్నం మరకలు కడగడం, బొంతలూ దుప్పట్లూ చెరువుకి మోయడం, ఆఖర్న అటక. అటక ముందు దులపాలి, లేకపోతే ఆ దుమ్మంతా కడిగిన ఇంట్లోనే పడుతుందని ఏటా చెబుతాను. కుదరదు. నిచ్చెన పట్టుకోవలసిన మగవాళ్లు ఆఖరి రోజుకి గాని ఇంటికి రారు. ప్రశ్నకి సంబంధం లేకపోయినా ఈ మాట ఇక్కడ అనాల్సిందే: పండక్కి అరిసెలు తినే ప్రతి మనిషీ ఒక పూట బూజుకర్ర పట్టుకోవాలి.

ఆ అటక మీద ఒకప్పుడు ఒక ట్రంకు పెట్టె, దాని పక్కన సామాను ఉండేవి. పెట్టెలో పాత దస్తావేజులు, శుభలేఖలు, నాలుగైదు ఫొటోలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఆ మూల పెంకులు లేచిపోయాయి. మూడో రోజు పెట్టె తెరిస్తే లోపల కాగితం ముద్ద తప్ప ఏమీ మిగల్లేదు. సామానుకి ఏమీ కాలేదు. రెండు ఇత్తడి గుండిగలు, ఒక గంగాళం, మరచెంబులు, కంచు కంచాలు, ఇంకా ధాన్యం కొలిచే కుంచం, మానిక, తవ్వ, సోల. సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక, మానికలు నాలుగైతే కుంచం అని మావయ్య ఇప్పటికీ వేళ్ల మీద లెక్క చెబుతారు.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆ బరువు దించి, తోమి, మళ్లీ పైకెక్కించడం ఇక తన వల్ల కాదని, ఆ ఏడాది అమ్మేద్దామని నిర్ణయించారు. నేనూ కాదనలేదు. భోగికి రెండు రోజుల ముందు పాత సామాన్లు కొనే అతను మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. వాకిట్లో కాటా వేలాడదీశాడు. కంచాలు తూచాడు, చెంబులు తూచాడు. పెద్ద గుండిగ దగ్గరకి వచ్చేసరికి బోర్లించి చూసి, "అడుగు చిల్లు పడిపోనాదమ్మా, దీనికి తుక్కు రేటే" అన్నాడు.

చిల్లు మాట నిజమో కాదో చూద్దామని గుండిగ నా ఒళ్లోకి లాక్కున్నాను. అడుగంతా తడిమాను. చిల్లు లేదు, సొట్ట మాత్రం ఉంది. అలా తడుముతూ పైకి వస్తే, మెడ దగ్గర, అంచు కింద, వేలికి గరగరమని ఏదో తగిలింది. నల్లటి మకిలి కింద వరసగా చుక్కలు.

మన వైపు పెళ్లి సామాను కొన్నప్పుడు పేరు కొట్టించేవారు కదా, సన్నటి ఉలితో చుక్క చుక్కగా. అవి అవే. చింతపండు తడిపి నెమ్మదిగా రుద్దాను. మకిలి వదిలింది గాని అక్షరాలు కళ్లకి ఆనలేదు. వాకిట్లో ముగ్గు కోసం అత్తయ్య కలిపి పెట్టిన తడి వరిపిండి ఉంది. ఒక చిటికెడు తీసి ఆ చుక్కల మీద పూసి, ఆరాక పొడిగుడ్డతో పైపైన తుడిచాను. పిండి చుక్కల్లో ఉండిపోయింది, మిగతా చోట పోయింది. పచ్చటి ఇత్తడి మీద తెల్లగా అక్షరాలు లేచాయి. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పని చేసి చూడండి. ఉలి దెబ్బ లోతుగా ఉంటే ఎంత పాత పేరైనా చదవొచ్చు.

మొదట ఒక ఇంటిపేరు పొడి అక్షరం, అది మా ఇంటిపేరు కాదు. తర్వాత ఒక ఆడపేరు. పక్కన "ప్రమోదూత సం॥ మాఘ" అని ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటి వరకే.

సంవత్సరం పేరు చూసి వదిలేయకండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. ప్రభవ అంటే 1927-28, అక్కడ నుంచి లెక్క పెట్టుకుంటే నాలుగోది ప్రమోదూత, అంటే 1930-31. దాని మాఘమాసం 1931 జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది. తర్వాతి ప్రమోదూత 1990లో వచ్చింది, కానీ అత్తయ్య 1982లో కాపురానికి వచ్చేసరికే ఈ గుండిగ అటక మీద ఉంది. అంతకు ముందుది 1870. అది మరీ దూరం. కాబట్టి 1931 మాఘంలో పెళ్లయిన ఒక ఆడపిల్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుండిగ ఇది.

"మీ నానమ్మగారిదా మావయ్యా?" అని అడిగాను. ఆయన అరుగు మీద నుంచి లేచి వచ్చి చూశారు. "మా నానమ్మ పేరు ఇది కాదే" అన్నారు. నానమ్మ పుట్టింటి వారి ఇంటిపేరు కూడా అది కాదు. సామాన్లతను కాటా పట్టుకుని నిలబడే ఉన్నాడు. మావయ్య అతనికి టీ ఇప్పించి, ఈసారికి ఏమీ అమ్మడం లేదని చెప్పి పంపేశారు. తూచి పక్కన పెట్టిన కంచాలు కూడా లోపలికి తెచ్చేశాం.

ఆ సాయంత్రం వీధి చివరింటి మామ్మగారి దగ్గరకి వెళ్లాం. మా ఊళ్లో అందరి కంటే పెద్దావిడ. గుండిగ సంగతి చెప్పగానే ఆవిడ తడుముకోకుండా అన్నారు: "అది ముందు కట్టుకున్న ఆవిడదమ్మా. మీ మావగారి అయ్యని కని, పురిట్లోనే పోనాది. మా యమ్మ సెప్పీది." పేరు అడిగితే ఆవిడకీ తెలియదు. ముందావిడ అనే విన్నారట.

అంటే మావయ్య నానమ్మ అనుకుంటున్నావిడ తాతగారి రెండో భార్య. ఆవిడే పెంచింది, ప్రేమగా పెంచింది, అందులో లోటు లేదు. కానీ మావయ్య తండ్రిని కన్న మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండేదని అరవై అయిదేళ్ల మావయ్యకే తెలియదు. ఆ రాత్రి ఆయన భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మన ఇళ్లల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? పొలం పాసుపుస్తకం తీయండి. మగవాడైతే తండ్రి పేరు, ఆడదైతే భర్త పేరు. తల్లి పేరు ఎక్కడా ఉండదు. వంశవృక్షం గీసుకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వాటిల్లోనూ కొడుకు కింద కొడుకే. మన రాష్ట్రంలో ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టంగా వచ్చింది 1985లో. దేశమంతటికీ వచ్చేసరికి 2005 అయింది. అంతకు ముందు పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చినవి నాలుగు బిందెలు, రెండు గుండిగలు, ఒక చెంబు. వాటి మీద తండ్రి ఆమె పేరు కొట్టించాడు, ఇవి నా బిడ్డవి అని. చాలామంది ఆడవాళ్ల పేరు వాళ్ల జీవితంలో రాతలోకి ఎక్కింది ఆ ఒక్కసారే అని నేను నమ్ముతున్నాను. అలాంటి దాన్ని కిలో లెక్కన కాటాకి వేస్తే అది కరిగి ఇంకొకరి కుళాయి అవుతుంది.

ఇక ఉంచుకునేవాళ్లు చేసే తప్పులు వేరే ఉన్నాయి. సామాను మెరవాలని దుకాణానికి ఇచ్చి మిషన్ పాలిష్ పెట్టిస్తారు. ఆ చక్రం కింద ముందు పోయేది పేరే. మా ఆడపడుచు ఒక మరచెంబు అలా ఇచ్చి తెచ్చుకుంది. అద్దంలా మెరుస్తోంది, అంచు కింద మాత్రం ఒక్క చుక్క లేదు. ఆసిడ్ కలిపిన పొడులు కూడా వద్దు. చింతపండు, మెత్తటి బూడిద, కొబ్బరి పీచు చాలు. పేరు ఉన్న చోట పీచు కూడా వద్దు, వేలితో రుద్దండి. తోమాక వెంటనే తడి లేకుండా తుడవకపోతే మర్నాటికి మచ్చలు పడతాయి.

వాడుకోవాలనుకుంటే ఇత్తడికి కళాయి తప్పనిసరి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపు తగిలితే పచ్చగా చిలుము కడుతుంది, అది కడుపులోకి పోకూడదు. కళాయి అంటే లోపల తగరం పూత. గిన్నెని బొగ్గుల మీద బాగా వేడి చేసి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ తగిలించి, దూదితో గిన్నంతా రాస్తే వెండిలా పరుచుకుంటుంది. ఆ తెల్లటి పొగ వాసన నా చిన్నప్పటి వేసవి వాసన. మా వీధిలోకి ఏటా ఒకాయన కొలిమితిత్తి భుజాన వేసుకుని వచ్చేవాడు, పిల్లలమంతా చుట్టూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు విజయనగరంలో కళాయి వేసే మనిషిని వెతుక్కోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. సారవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం. మంచిదే. మా గుండిగ మెడ వంపు చూస్తే అది బుడితి చేతిపనే అని నాకు గట్టి నమ్మకం. కానీ చేసేవాళ్లకి గుర్తింపు ఇచ్చి, బాగుచేసేవాళ్లని వదిలేస్తే ఆ సామాను ఇంట్లో ఎలా నిలుస్తుంది?

"ఫ్లాట్‌లో అటకే లేదు, ఎక్కడ పెట్టాలి?" అంటారని తెలుసు. అన్నీ పెట్టక్కర్లేదు. పేరు ఉన్నది ఒక్కటి పెట్టుకోండి. బియ్యం పోసుకోండి, మంచినీళ్లు కాదు గాని వాడుక నీళ్లు పట్టుకోండి. రోజూ చెయ్యి తగిలితే దానికి మకిలి పట్టదు. మిగతావి చుట్టాల్లో ఎవరి ఇంటి ఆడపిల్ల పేరు ఉంటే వాళ్లకి ఇవ్వండి. గృహప్రవేశాలకి ప్లాస్టిక్ డబ్బాలు పంచే బదులు ఒక చిన్న చెంబు మీద పేరు, తేదీ కొట్టించి ఇవ్వండి.

ఆ ఏడాది పండగ నాడు, మా వైపు అలవాటు ప్రకారం, పెద్దలకి బట్టలు పెట్టుకున్నాం. దీపం ముందు పంచెలు, చీరలు, గారెలు, పరమాన్నం. ఎప్పుడూ రెండు చీరలు పెట్టేవాళ్లం, ఈసారి మూడు. తోమిన గుండిగ పక్కన కొత్త చీర పెట్టి అత్తయ్య పసుపు బొట్టు పెట్టింది. మావయ్య ఒక్కొక్కరి పేరు చెప్పి దండం పెడుతూ వచ్చారు. గుండిగ దగ్గర ఆగారు. ఆ పేరులో మొదటి అక్షరం మెలిక దగ్గర చుక్కలు అరిగిపోయాయి. ‘స’ అనుకుంటే ఒక పేరు, ‘ప’ అనుకుంటే ఇంకో పేరు. పిండి పూసి ఎన్నిసార్లు చూసినా తేలలేదు. మావయ్య ముందు ఒక పేరు పలికారు, తర్వాత రెండో పేరూ పలికారు, "ఏదైతే అది నీదేనమ్మా" అని చీర మీద అక్షింతలు వేశారు.