విమ్‌లో క్వెరీలు రాస్తున్నాను, ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: డిగ్రీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ల్యాబ్‌లో అందరూ డేటాబేస్ పనికి బటన్లు, మెనూలు ఉన్న టూల్ వాడుతున్నారు. నేను విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో క్వెరీలు (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశాలు) రాసి, డాడ్‌బాడ్ అనే ప్లగిన్‌తో అక్కడి నుంచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి పంపిస్తున్నాను. నాకు ఇదే హాయిగా ఉంది. ఇది పాతకాలం పద్ధతి, ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగరు అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎడిటర్‌తో ఆడుకుంటూ టైమ్ వృథా చేస్తున్నావని నాన్న కోప్పడుతున్నారు. కొనసాగించమంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: కొనసాగించండి. ఇంటర్వ్యూ విషయంలో మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. ఏ ఎడిటర్ వాడతారన్నదాన్ని బట్టి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. టేబుళ్లను కలిపే జాయిన్లు, వరుసలను గుంపులు చేసే గ్రూప్ బై, వెతకడాన్ని వేగం చేసే ఇండెక్సులు, కొన్ని మార్పులను ఒకే పనిగా చేసే ట్రాన్సాక్షన్లు, వీటి మీదే అడుగుతారు. కానీ మీ పద్ధతిలో రోజూ చేతికి అలవాటయ్యేవి కూడా ఇవే. బటన్ల టూల్‌లో టేబుల్‌లోని ఒక గడి మీద క్లిక్ చేసి విలువ మార్చేయవచ్చు. వెనకాల అప్‌డేట్ స్టేట్‌మెంట్‌ను ఆ టూలే రాసి పంపుతుంది, చాలామంది దాన్ని చూడను కూడా చూడరు. మీరు మాత్రం ప్రతి మాటా మీరే రాయాలి. నేర్చుకునే వయసులో ఈ శ్రమ చాలా మంచిది.

పాతకాలం అన్న మాటకు టెన్షన్ పడకండి. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ తొలి రూపం 1974లో ఐబీఎంలో పుట్టింది, విమ్‌కు మూలమైన వీఐని బిల్ జాయ్ 1976లో రాశారు. రెండింటినీ ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ పద్ధతిలో అసలు విలువంతా ఫైల్‌లో ఉంది. క్వెరీ టెక్స్ట్ ఫైల్‌గా ఉంటే దాన్ని, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టవచ్చు. పోయిన నెల లెక్క ఎలా తీశారో, మధ్యలో ఎవరు ఏ షరతు మార్చారో తెలుస్తుంది. తోటి ఉద్యోగి చదివి తప్పు పట్టుకోగలరు. చాలా టీముల్లో టేబుల్ నిర్మాణంలో మార్పులు కూడా ఇలాగే జరుగుతాయి. ఫ్లైవే లాంటి టూళ్లు వెర్షన్ నంబరుతో పేరు పెట్టిన ఎస్‌క్యూఎల్ ఫైళ్లను వరుసగా నడిపిస్తాయి. క్వెరీని ఫైల్‌గా చూడడం ఇప్పటికే అలవాటైన మీకు ఈ పని కొత్తగా అనిపించదు.

ప్లగిన్ లేని చోట కూడా పని చేయడం నేర్చుకోండి. కంపెనీ సర్వర్‌లోకి దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తే అక్కడ మీ సెట్టింగులేవీ ఉండవు. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ అయిన పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ ఈ కొడితే క్వెరీ ఎడిటర్‌లో తెరుచుకుంటుంది, సేవ్ చేసి బయటికి రాగానే తిరిగి పీఎస్‌క్యూఎల్ చేతికి వస్తుంది. బ్యాక్‌స్లాష్ ఐ పక్కన ఫైల్ పేరిస్తే ఫైల్ మొత్తం నడుస్తుంది. ఏ ఎడిటర్ తెరవాలో ఎడిటర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పవచ్చు. గిట్ కమిట్ సందేశానికి, నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్‌ట్యాబ్‌కి కూడా ఇదే సెట్టింగు పనిచేస్తుంది. ఒకసారి నేర్చుకుంటే చాలా చోట్ల అక్కరకొస్తుంది.

ఇక ప్రమాదం సంగతి. దీన్ని జాగ్రత్తగా చదవండి. ఎడిటర్‌లో ఎంచుకున్న భాగాన్నే పంపే వీలుంటుంది కాబట్టి, అప్‌డేట్ లైన్‌ను ఎంచుకుని, ఏ వరుసలు మార్చాలో చెప్పే కింది వేర్ లైన్‌ను వదిలేస్తే టేబుల్‌లోని అన్ని వరుసలూ మారిపోవచ్చు. అందుకే ముందు బిగిన్ (ట్రాన్సాక్షన్ మొదలు), తర్వాత అప్‌డేట్, ఎన్ని వరుసలు మారాయో చూసుకున్నాకే కమిట్ (మార్పు ఖాయం) అని అందరూ చెబుతారు. మీ విషయంలో ఇక్కడొక మెలిక ఉంది. డాడ్‌బాడ్ పంపిన ప్రతిసారీ పీఎస్‌క్యూఎల్‌ను కొత్తగా నడుపుతుంది. బిగిన్‌ను ఒకసారి, అప్‌డేట్‌ను మరోసారి పంపితే అవి రెండూ వేర్వేరు సెషన్లు, మీరు అనుకున్న రక్షణ ఉండదు. బిగిన్ నుంచి రోల్‌బ్యాక్ (మార్పుల రద్దు) దాకా మొత్తం ఒకేసారి పంపి, ఫలితం సరిగా ఉంటేనే చివరి మాటను కమిట్‌గా మార్చి మళ్లీ పంపండి. లేదా పీఎస్‌క్యూఎల్ తెరిచి అక్కడే చేయండి. ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూఎల్ మోడ్ ఒకే సెషన్‌ను తెరిచి ఉంచుతుంది, కాబట్టి అందులో ఈ ఇబ్బంది లేదు. ఉద్యోగంలో చేరాక అసలు డేటాబేస్‌కి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌తోనే రోజూ కనెక్ట్ అవ్వండి. పాస్‌వర్డ్ ఉన్న కనెక్షన్ అడ్రస్‌ను పొరపాటున కూడా గిట్‌లో పెట్టకండి. దానికి పోస్ట్‌గ్రెస్‌లో పీజీపాస్ అనే ఫైల్ ఉంది. లినక్స్‌లో ఆ ఫైల్ అనుమతి 0600 ఉండాలి, ఇతరులు చదవగలిగేలా ఉంటే దాన్ని పట్టించుకోదు.

ల్యాబ్‌లోని టూల్‌ను మాత్రం చిన్నచూపు చూడకండి. వందల టేబుళ్లున్న కొత్త డేటాబేస్ ముందు కూర్చున్నప్పుడు, ఏది దేనికి ముడిపడి ఉందో బొమ్మగా చూపించే డీబీవర్ లాంటివి చాలా సాయం చేస్తాయి. కొన్ని కంపెనీలు సొంత ప్లగిన్లను అనుమతించవు. డ్యాష్‌బోర్డులు తయారుచేసే అనలిస్ట్ ఉద్యోగాల్లో మీ పద్ధతికి చోటు తక్కువే. బ్యాకెండ్, డేటా ఇంజినీరింగ్, డేటాబేస్ అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్లాలనుకుంటే బాగా పనికొస్తుంది.

నాన్నగారి మాటలో న్యాయం ఉంది. రంగులు మార్చుకుంటూ, ప్లగిన్లు పోల్చుకుంటూ సాయంత్రాలు గడిచిపోతుంటే అది చదువు కిందికి రాదు. ఇప్పుడున్న సెట్టింగులను పరీక్షలయ్యేదాకా ముట్టుకోకండి. ఆ సమయంలో ఒక ప్రాజెక్టు చేయండి. అందరికీ అందుబాటులో ఉన్న ఏదైనా సీఎస్‌వీ డేటాను తీసుకుని టేబుళ్లు మీరే రూపొందించండి, పీఎస్‌క్యూఎల్‌లోని బ్యాక్‌స్లాష్ కాపీ ఆదేశంతో ఎక్కించండి. నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్నలకు క్వెరీలు రాయండి. నిదానంగా నడిచే ఒక క్వెరీకి ఇండెక్స్ పెట్టక ముందు, పెట్టిన తర్వాత క్వెరీ ఎలా నడిచిందో, ఎంత సమయం పట్టిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఏం చూపించిందో అదే ఫైల్‌లో కామెంట్లుగా రాసి గిట్‌లో ఉంచండి. రెజ్యూమేలో విమ్‌ను గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్, గిట్, లినక్స్ అని రాసి ఈ ప్రాజెక్టు లింకు ఇవ్వండి. నాన్నగారికి కూడా ఇదే చూపించండి.

ఇంకొక మాట. కొన్ని ఇంటర్వ్యూల్లో ఖాళీ పేజీ ఇచ్చి క్వెరీ రాయమంటారు, టేబుల్ పేర్లు అందించే ఆటోకంప్లీట్ అక్కడ ఉండదు. అప్పుడప్పుడూ దాన్ని ఆపేసి, జాయిన్ చేయాల్సిన చోటా గ్రూప్ బై పెట్టాల్సిన చోటా తడుముకోకుండా రాసేదాకా సాధన చేయండి.