హోటల్ రుచి ఇంట్లో: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: ఏషియన్, కాంటినెంటల్ వంటకాలు పెట్టే రెస్టారెంట్‌లో ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా ఉంటుంది. అవే సాస్‌లతో ఇంట్లో సోనా మసూరి బియ్యంతో చేస్తే ముద్దవుతోంది. బాస్మతి కొనాల్సిందేనా? - ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అక్కర్లేదమ్మా. కర్నూలు సోనాతోనే చక్కగా వస్తుంది. కాకపోతే పాత బియ్యం తీసుకోండి, కొత్తవి జిగురెక్కుతాయి. కుక్కర్ మానేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వార్చండి. మెతుకు నొక్కితే లోపల సన్నగా పలుకు తగలాలి, అప్పుడే వార్చేయాలి. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడండి. చల్లదనానికి మెతుకు గట్టిపడుతుంది, గరిటె తగిలినా చితకదు. మన ఎండల్లో మాత్రం రాత్రంతా బయట ఉంచకండి. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాంతులవుతాయి.

ఇక అసలు కిటుకు మంట. హోటల్ పొయ్యికి ఉన్నంత మంట ఇంటి స్టవ్‌కు ఉండదు. నలుగురికీ ఒకేసారి కలిపితే బాణలి చల్లబడి, కూరగాయలు నీరు వదిలి, అన్నం వేగాల్సింది పోయి ఉడుకుతుంది. కాబట్టి ఒక్కో ప్లేటుకు సరిపడానే, సుమారు 200 గ్రాముల అన్నం చొప్పున వేయించండి. ఇనుప బాణలి పొగలు వచ్చేదాకా కాగాక ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె, ఆపై సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, క్యాబేజీ వేసి ఒక్క నిమిషం తిప్పి, అన్నం వేయండి. మూత పెట్టనే వద్దు. సోయా సాస్ ఒక టీ స్పూన్ చాలు. దాన్ని అన్నం మీద కాకుండా బాణలి అంచున పోస్తే సాస్ కాస్త కాలి మంచి వాసన వస్తుంది. అందులోనే ఉప్పుంటుంది, రుచి చూశాకే ఉప్పు వేయండి. తెల్ల మిరియాల పొడి, ఉల్లికాడలు దింపేముందు.

ప్రశ్న: పాస్తా వైట్ సాస్ ఉండలు కడుతోంది. ఎందుకు? - ఓ పాఠకుడు, కడప

జవాబు: పాలు ఒక్కసారిగా పోయడం వల్ల. పిండి పైపొర ఉడికి గట్టిపడి, లోపల పచ్చిగా మిగులుతుంది. అర లీటరు పాలకు 30 గ్రాముల వెన్న, 30 గ్రాముల మైదా తీసుకోండి. సన్నమంటపై రెండు నిమిషాలు, రంగు మారకుండా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఆరితే చిక్కబడుతుంది కాబట్టి కాస్త పలుచగా ఉన్నప్పుడే దించండి. చీజ్ దించాకే కలపాలి. మరుగుతుంటే వేస్తే విరిగి, నూనె తేలుతుంది. పాస్తా ఉడికిన నీళ్లు ఓ గరిటెడు దాచుకోండి, సాస్ బిగిసిపోతే అవే సరిచేస్తాయి.

ప్రశ్న: బిల్లులో సర్వీస్ ఛార్జి వేశారు. కట్టాలా? - ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: అది మీ ఇష్టం. బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జీఎస్టీ మాత్రం వేరు, అది కట్టాల్సిందే.