హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాక సీఆర్‌పీ పెరిగితే

అక్కా, నెలసరి ఆగాక వచ్చే వేడి ఆవిర్లకు ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకే సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రెట్టింపైందని, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, పెరిగిందేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. మింగిన మాత్ర పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. సీఆర్‌పీని ప్రధానంగా తయారుచేసేది కాలేయమే, అందుకే ఆ అంకె పెరుగుతుంది. అమెరికాలో జరిగిన పెపి అధ్యయనంలోనూ మాత్రలు వాడినవారిలో ఇది సుమారు 85 శాతం పెరిగింది. ఇన్‌ఫ్లమేషన్‌ని సూచించే ఐఎల్-6 లాంటి ఇతర ప్రోటీన్లు మాత్రం సాధారణంగా అలా పెరగవు. చర్మం మీద వాడే ఈస్ట్రోజెన్ ప్యాచ్, జెల్ అయితే సీఆర్‌పీ పెద్దగా మారదు. రక్తం గడ్డకట్టే ముప్పు కూడా మాత్రలతోనే ఎక్కువ. నాకైతే అసలు పట్టించుకోవాల్సింది అదే అనిపిస్తుంది. మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి. జ్వరం, పంటి ఇన్‌ఫెక్షన్ లేనప్పుడు పరీక్ష మళ్లీ చేయించుకుని, ప్యాచ్‌కి మారొచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.