మక్కొల్లికి బేకరీ ఈస్ట్, పంచదార సరిపోవా?

సరిపోవండి. నురుక్ అనే పులియబెట్టే బిళ్ల కోసం వెతకడం ఎందుకు, కేకుల్లో వేసే ఈస్ట్, కాస్త పంచదార కలిపి అన్నం పులియబెడితే కొరియా వాళ్ల బియ్యపు కల్లు, అదే మక్కొల్లి, రాదా అని అడిగారు. మత్తెక్కించేది ఏదో ఒకటి వస్తుంది, మక్కొల్లి మాత్రం రాదు. యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఈస్ట్ చక్కెరనే తింటుంది. అన్నంలో ఉండేదేమో పిండిపదార్థం. దాన్ని చక్కెరగా విరగ్గొట్టేది నురుక్‌లోని బూజు. గోధుమలు ముతకగా విసిరి, కొంచెం తడిపి, గట్టిగా తొక్కి బిళ్లలు చేసి, బూజు పట్టేదాకా ఆరబెడితే నురుక్ అవుతుంది. బుసాన్‌లో గుమ్‌జంగ్ కొండకోట దగ్గర ఇప్పటికీ కాళ్లతోనే తొక్కుతారు. బూజు, ఈస్ట్, పులుపు తెచ్చే బ్యాక్టీరియా అన్నీ ఆ బిళ్లలోనే ఉంటాయి. ఒకే జాడీలో ఒకపక్క అన్నం తీపెక్కుతుంటే, ఇంకోపక్క ఆ తీపి ఆల్కహాల్ అవుతుంటుంది. పైనుంచి పంచదార పోస్తే ఇక ఆ అన్నం ఎందుకు?

నేను సువోన్‌లో అద్దెకున్నప్పుడు ఇంటి ఓనరు హల్మోని, అంటే బామ్మగారు, నాకు ఇది నేర్పారు. ఆవిడ పట్టుదలంతా బియ్యం కడగడం మీదే. జిగురు బియ్యం కిలో నా చేతికిచ్చి కుళాయి దగ్గర నిలబెట్టారు. కడుగు నీళ్లు తేరుకున్నాయని నేను చూపిస్తే గిన్నెలోకి వంగి చూసి, "ఇంకా తెల్లగానే ఉంది, మళ్లీ కడుగు" అనేవారు. నా వేళ్లు కొంకర్లు పోయాయి. ఆవిడ మాత్రం కదల్లేదు. మూడు గంటలు నానబెట్టి, ఒక గంట నీళ్లు ఓడ్చి, గుడ్డలో వేసి ఆవిరి మీద ఉడికించాం. అన్నం మెత్తబడకూడదు, పలుకుగా ఉండాలి. చాప మీద పరిచి పూర్తిగా చల్లారాక, పావుకిలో కంటే కొంచెం తక్కువ నురుక్ పొడి, లీటరుంపావు నీళ్లు పోసి చేత్తో పిసుకుతూ కూర్చున్నాం.

మర్నాడు రాత్రి పిలిచి జాడీకి చెవి ఆనించమన్నారు. లోపల రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చిటపటలు. అది వింటూ ఆవిడ తన చిన్నతనం చెప్పుకొచ్చారు. పన్నుల వాళ్లు ఊళ్లోకి వస్తున్నారని తెలియగానే వాళ్లమ్మ జాడీని కట్టెల మోపుల వెనక దాచేసేవారట. జపాన్ పాలనలో 1934 నాటికి ఇంట్లో మద్యం చేసుకోవడం పూర్తిగా నేరమైపోయింది. స్వతంత్రం వచ్చాకా ఆ చట్టం పోలేదు. పైగా 1965లో, తిండిగింజల కొరతని, అసలు బియ్యమే వాడొద్దన్నారు. గోధుమపిండితో చేసిందే మక్కొల్లి అని ఒక తరం మొత్తం తాగింది. ఇంటి వాడకానికి చేసుకోవచ్చని 1995లో గానీ ఒప్పుకోలేదు. అదే ప్రభుత్వం 2021లో మక్కొల్లి తయారీని జాతీయ వారసత్వం అని ప్రకటించింది. దాచి కాపాడింది మాత్రం ఇలాంటి అమ్మలే. అందుకే దీన్ని పంచదార నీళ్లతో సరిపెడతామంటే నాకు కోపం.

సూపర్‌మార్కెట్ సీసాల సంగతీ చెప్పాలి. వాటిలో చాలావాటికి తీపి వచ్చేది అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి వల్ల. లేబుల్ తిప్పి చూడండి. అది తాగి "మక్కొల్లి ఇంతేనా" అనేవాళ్లకు ఇంటి మక్కొల్లి ఒక్క గుక్క పోయాలనిపిస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు శుభ్రమైన గరిటెతో కలపండి. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వేడి చాలు. మూత బిగించొద్దు, గ్యాస్ బయటికి పోవాలి, గుడ్డ కట్టండి. వారం, పది రోజులకు వడకట్టొచ్చు. కొట్లో అమ్మేది ఆరు శాతం దగ్గర ఉంటుంది, ఇది దానికి రెట్టింపు దాటుతుంది కాబట్టి నీళ్లు కలిపి తాగండి. కొరియాలో ఉంటే పాత మార్కెట్లలో ధాన్యం కొట్లలో నురుక్ అడగండి, దొరుకుతుంది. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉంటే మాత్రం లైసెన్స్ లేకుండా ఇంట్లో చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఆ పని పెట్టుకోకండి.