నాందేడ్‌కి పోతే ఒక రాత్రి ఉండి రా

ఒరేయ్ చిన్నా,

నువ్వు అమ్మానాన్నల్ని నాందేడ్ తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, సంతోషం. కానీ పొద్దున్నే హైదరాబాద్‌లో కారెక్కి, బాసరలో దర్శనం చేసుకుని, మధ్యాహ్నం గురుద్వారా ఓ చుట్టు చుట్టి రాత్రికి ఇంటికొచ్చేద్దామన్న నీ ప్లాన్ మాత్రం నాకు నచ్చలేదు. ఆ గురుద్వారాలో, అదే హజూర్ సాహిబ్‌లో, చూడాల్సినవి పొద్దుగూకాక, మళ్లీ తెల్లవారకముందు జరుగుతాయి. నువ్వేమో సరిగ్గా ఆ రెండూ వదిలేసి మిట్టమధ్యాహ్నం కాళ్లు కాలే చలువరాతి మీద నడుద్దామంటున్నావు! ఆఫీసులో ఇంకొక్క రోజు సెలవు అడుగు, అడిగితే పోయేదేం లేదు.

రైలే మంచిది. మీ అమ్మ మోకాళ్లకు అన్నేసి గంటలు కార్లో ముడుచుకుని కూర్చోవడం పడదు. నిజామాబాద్, బాసర మీదుగా నాందేడ్ పోయే రైళ్లున్నాయి, దేవగిరి, అజంతా లాంటివి. టైములు మారుతుంటాయి కాబట్టి చూసుకుని, అర్ధరాత్రి దించేది కాకుండా వేరేది పట్టుకో. బస గురించి టెన్షన్ వద్దు, గురుద్వారా వాళ్ల యాత్రీ నివాస్‌లు ఉన్నాయి, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకో. హోలీకి, దసరా దీపావళి రోజుల్లో మాత్రం వద్దు. హోలీ రోజుల్లో సిక్కులు చేసుకునే హోలా మొహల్లాకి, దసరాకి గుర్రాలతో, కత్తులతో ‘హల్లా’ అని పెద్ద ఊరేగింపు తీస్తారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ పంజాబ్ నుంచి జనం రైళ్లకు రైళ్లు దిగుతారు, గది దొరకదు. అది నువ్వూ నీ స్నేహితులూ వేరేగా వెళ్లి చూడండి.

వెళ్లేముందు అమ్మకు కథ కొంచెం చెప్పు, లేకపోతే ఆవిడకు అక్కడ విగ్రహం ఏదని వెతుక్కోవడమే సరిపోతుంది. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ పుట్టింది గంగ ఒడ్డున పాట్నాలో, కన్నుమూసింది మన గోదావరి ఒడ్డున నాందేడ్‌లో, 1708 అక్టోబర్ 7న. మొఘల్ చక్రవర్తి బహదూర్ షా దండుతో పాటు దక్కనుకి వచ్చాడు, ఇక్కడే బసలో ఉండగా ఒక పఠాన్ పొడిచాడు, ఆ గాయమే చివరికి ప్రాణం తీసింది. పోయేముందు, ఇకపై మనిషి గురువంటూ ఉండడు, గ్రంథమే మీకు గురువు అని చెప్పాడు. సిక్కులు ఈ రోజుకీ గురు గ్రంథ్ సాహిబ్‌ని రాజులా పడుకోబెట్టి, లేపి, చామరం వీచి చూసుకునేది అందుకే. బైరాగిగా ఉన్న మాధోదాస్ ఆయన్ని కలిసి సిక్కు సేనాని బందా సింగ్ బహదూర్ అయ్యింది కూడా ఈ ఊళ్లోనే, బందా ఘాట్ గురుద్వారా ఆ పేరు మీదే ఉంది. గురువును దహనం చేసిన చోటు అంగీఠా సాహిబ్, దాని మీదే ఇప్పుడున్న గుడి. పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ 1832 నుంచి 1837 మధ్య కట్టించాడు. ఊరు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది, 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా మనమూ వాళ్లూ ఒకే గూటివాళ్లం. సిక్కులకున్న ఐదు తఖ్తుల్లో, అంటే మతపరంగా పెద్ద పీఠాల్లో, ఇదొకటి.

సాయంత్రం హారతి వేళకు ముందే లోపల కూర్చోండి. దీపాలతో హారతి ఇవ్వడం మిగతా గురుద్వారాల్లో అంతగా కనబడదు, ఇక్కడ నిత్యం ఉంటుంది, అమ్మకు పరాయి చోటనిపించదు. ఆ తర్వాత గురువుగారి ఆయుధాలు ఒక్కొక్కటీ ఎత్తి జనానికి చూపిస్తారు. కత్తులు, బాణాలు, డాలు, ధనుస్సులు. దాన్ని మాత్రం మిస్ కావద్దు. మళ్లీ తెల్లారకముందు లేచి ఘాట్ వైపు వెళ్తే, గురుద్వారాలో సేవ చేసే సేవాదార్ ఒకాయన గోదావరి నీళ్లు బిందెతో మోసుకొస్తుంటాడు, ఆ నీళ్లతోనే తఖ్తును కడుగుతారు. బాసరలో మనం తలమీద చల్లుకునేదీ ఆ నదే, నాందేడ్ మీదుగా దిగివచ్చిన నీళ్లే. అమ్మను చీకట్లో మెట్లు దిగనివ్వకు, వానాకాలమైతే అసలే వద్దు, ఎగువన విష్ణుపురి గేట్లు ఎత్తితే ఘాట్లు మునుగుతాయి. ఎండాకాలం నీళ్లు పచ్చగా నిలిచిపోయి ఉంటాయి, స్నానం చేస్తానని పట్టుబట్టినా రెండు చుక్కలు చల్లి ఒప్పించు.

మర్యాదల సంగతి. తలకు గుడ్డ తప్పనిసరి, ఆడవాళ్లకు కొంగు చాలు, నీకు రుమాలు కావాలి, క్రికెట్ టోపీ పనికిరాదు. చెప్పులు జోడాఘర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకో. మీ నాన్న జేబులో సిగరెట్ పెట్టె ఉంటుంది కదా, అది గదిలో కూడా వద్దు, రైలెక్కకముందే పారేయించు, పొగాకు వాళ్లకు పెద్ద నిషేధాల్లో ఒకటి. బావకు కోపమొస్తే నా పేరు చెప్పు. గ్రంథానికి వీపు పెట్టి ఫోటోలు దిగొద్దు, కాళ్లు అటు చాపొద్దు. కడా ప్రసాద్, అంటే గోధుమపిండి హల్వా, ఇచ్చేటప్పుడు కూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టాలి, ఒక్క చెయ్యి చాపితే పెట్టకుండా ఆగి చూస్తారు. వేడివేడిగా నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారుతుంది, ప్యాంటుకు తుడుచుకోకు, చేతులకు రాసుకో, అక్కడ అందరూ అదే చేస్తారు.

లంగర్ దగ్గర, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోట, సిగ్గుపడకండి. పిలుపులేని భోజనం కదా అని మీ అమ్మ వెనక్కి తగ్గుతుంది, నాకు తెలుసు. అక్కడ లక్షాధికారైనా వరుసలో నేల మీద కూర్చోవాల్సిందే. మోకాళ్ల నొప్పి అని సేవాదార్‌తో చెబితే చాలా గురుద్వారాల్లో బెంచీ చూపిస్తారు. రొట్టె వడ్డించేవాడు ‘పర్షాదా, వాహెగురూ’ అంటూ వస్తాడు, రెండు చేతుల్లోకే తీసుకోవాలి, కంచంలోకి విసరరు. పప్పు చిక్కగా ఉంటుంది, మన పులుపు ఉండదు, బ్యాగులో పచ్చడి సీసా ఉందిగా అని మాత్రం తియ్యకు. తినగలిగినంతే పెట్టించుకోండి, పారేస్తే బాగుండదు. తిన్నాక గంటసేపు అమ్మను కూరగాయలు తరిగేవాళ్ల దగ్గర కూర్చోబెట్టు. ఆవిడకు హిందీ రాకపోయినా ఫర్వాలేదు, ఉల్లిపాయలు తరగడానికి భాషెందుకు? నువ్వు వెళ్లి కంచాలు కడుగు, ఇంట్లో ఎలాగూ కడగవు.

మిగతా గురుద్వారాలకు ఆటో మాట్లాడుకో, ఎక్కకముందే ఎన్ని చోట్లకు ఎంత అని ఖరారు చేసుకో. నగీనా ఘాట్ దగ్గరే, నడిచే పోవచ్చు. మాల్ టేక్డీ, సంగత్ సాహిబ్ ఓపికుంటే చూడండి, లేకపోతే వదిలెయ్, మీ నాన్న అన్నీ చూడాల్సిందే అంటాడు, ఒప్పుకోకు. బాసర తిరుగు ప్రయాణంలో పెట్టుకో, అప్పుడైతే అక్షరాభ్యాసాల రద్దీ చూసుకుని దిగాలా వద్దా తేల్చుకోవచ్చు.

టికెట్లు తీయగానే తేదీ చెప్పు, నిజామాబాద్ స్టేషన్‌కి మీ అత్త చేసిన సకినాలు తెచ్చిస్తాను, కోచ్ నంబర్ ముందే మెసేజ్ పెట్టు, బండి ఆగేది కొద్ది నిమిషాలే.

మీ మామయ్య